లెక్కలో లేని చేతులు

ఒకానొక రాజ్యంలో పొగమంచు కాపురం ఉండేది. మనుషులూ ఉండేవాళ్ళనుకోండి, కానీ ముందొచ్చింది మంచే. పొద్దున్నే తలుపు తీస్తే అది గడప మీద చతికిలబడి కూర్చుని ఉండేది. పక్కింటికి నిప్పు కోసం వెళ్ళిన మనిషి దారి తప్పి, ఇంకో ఊళ్ళో తేలి, అక్కడే పెళ్ళాడి, పిల్లల్ని కని తిరిగొచ్చేసరికి ఇక్కడ పొయ్యి మీద ఎసరు ఇంకా మరగలేదట. పెంచి చెబుతున్నాననుకోకండి. మీరు నమ్మరేమోనని కాస్త తగ్గించే చెబుతున్నా.

ఆ రాజ్యం పేరు మంచుకోన. దాన్నేలే రాజు ప్రచండసేనుడు. సభలోకి ముందు ఆయన మీసాలు వచ్చేవి. జనం లేచి వాటికి దండం పెట్టి నడుం నొప్పి పుట్టేదాకా నిలబడితే, అప్పుడు వెనకాల రాజుగారు వచ్చేవారు.

గొప్పలకు ఆయన తర్వాతే ఎవరైనా. "మమ్మల్ని ఒకరు పెంచలేదయ్యా. మా అంతట మేమే పెరిగాం" అనేవాడు నిండు సభలో. పురిటిలోనే తల్లిని పోగొట్టుకున్న బిడ్డ. మరి పాలెవరిచ్చారు, ఉయ్యాలెవరు ఊపారు అని అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇంతటి ప్రచండుడికీ ఒక్కటే భయం. దయ్యాలు. ఆ మాట వింటే చాలు, మీసాలు రెండూ వానలో తడిసిన తాళ్ళలా వేలాడిపోయేవి. మెడలో తాయెత్తులు ఎన్నంటే, ఆయన నడుస్తుంటే మువ్వలెద్దుల బండి వస్తోందని పిల్లలు వీధిలోకి పరిగెత్తేవాళ్ళు.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తా. రాజుగారికి మధ్యాహ్నం భోజనం కాగానే ఉయ్యాల మంచం మీద కునుకు పడాలి. చిన్నప్పుడు తాను ఊగిన ఉయ్యాల గొలుసులనే ఆ మంచానికి వేయించుకున్నాడు. గొలుసు కిర్రు, కిర్రుమంటేనే కన్ను మూతపడేది. మంచానికి కట్టిన తాడు ఒకటి తెర వెనక్కి వెళ్ళేది. ఆ తెర వెనక తాడు లాగేదెవరో ఆయన ఏనాడూ తొంగి చూడలేదు.

ఆయన కొలువులో విరూపాక్షుడని ఒక గణక పండితుడు ఉండేవాడు. లెక్క తప్ప మరో లోకం లేదు. అన్నం తింటే మెతుకులు లెక్కపెట్టేవాడు, తుమ్మితే తుమ్ములు లెక్కపెట్టేవాడు. ఒకనాడు ఆయన సభలో లేచాడు.

"మహారాజా, మన రాజ్యంలో పనిచేసేవాళ్ళెందరు, తిని కూర్చునేవాళ్ళెందరు? ఎవరిది ఏ వృత్తి? ఇది తేలకుండా ఏలుబడి ఎలా సాగుతుంది?"

రాజు మీసం నిమిరాడు. "తేల్చండి!"

అలా మొదలైంది ఎర్రచేతి లెక్క. గణకుడి మనుషులు జేగురు కలిపిన కుండలు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఇంట్లో పనిచేసే మనిషి ఎవరైతే వాళ్ళ అరచెయ్యి ఆ ఎర్రమట్టి నీళ్ళలో ముంచి తలుపు మీద అద్దించాలి. పనిచేసేవాళ్ళు ఎందరో తలుపు మీద చేతులన్ని. మంచులోంచి చూస్తే వీధి వీధంతా ఎర్రటి చేతులు గాలిలో వేలాడుతున్నట్టు, రండి రండి అని పిలుస్తున్నట్టు ఉండేది. పసిపిల్లలు జడుసుకున్నారు. కుక్కలైతే మొరగడం మానేసి మూలిగాయి.

"నీ వృత్తేమిటి?" అని అడిగితే మగవాళ్ళు ఛాతీ విరుచుకుని చెప్పారు. కుమ్మరి కుమ్మరమన్నాడు, నేతగాడు మగ్గమన్నాడు. అరుగు మీద కూర్చుని పొద్దస్తమానం తాంబూలం నమిలే ఆసామి "వ్యవహారాలు చూస్తాను" అన్నాడు. ఎర్రచెయ్యి! రాజుగారి గొడుగు మీద కాకి వాలకుండా చూసేవాడికి ఎర్రచెయ్యి! ఆ కాకుల వాడికి తోడుండేవాడికీ ఎర్రచెయ్యి!

ఇక ఆడవాళ్ళ సంగతి. కోటకింద వీధిలో వెంగమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త పోయి ఏళ్ళయింది. గణకుడి మనిషి వెళ్ళేసరికి ఆవిడ ఒక చేత్తో రోకలి వేస్తోంది, రెండో చేత్తో రోటి అంచున చెదిరిన గింజలు ఎగదోస్తోంది, కాలితో పక్కింటి పసివాడి ఉయ్యాల ఊపుతోంది, నోటితో పొయ్యి ఊదుతోంది. ఇంకో చెయ్యి ఉంటే అదీ ఖాళీగా ఉండేది కాదు.

"నువ్వేం పని చేస్తావమ్మా?"

వెంగమ్మ రోకలి ఆపకుండానే అంది. "నేనా? ఏం చేస్తాను నాయనా. ఏమీ లేదు. ఊరికే ఉన్నా."

గణకుడి మనిషి తల ఊపి ముందుకెళ్ళిపోయాడు. ఆ పక్కిల్లు, ఎదురిల్లు, వెనక వీధి, ఎక్కడ అడిగినా ఇదే జవాబు. నూలు వడికే మనిషి "ఊరికే ఉన్నా" అంది. పాలు పితికే మనిషి "ఊరికే ఉన్నా" అంది. పురిటి నొప్పులు పడుతూ మధ్యలో గొడ్డుకు మేత వేసొచ్చిన మనిషి కూడా "ఏముందయ్యా, ఊరికే ఉన్నా" అందట. మనవాళ్ళ నోటి అలవాటే అంత.

లెక్క పూర్తయింది. విరూపాక్షుడు సభలో ప్రకటించాడు. "ప్రభూ, రాజ్యంలో సగంమంది వట్టి సోమరులు. ముఖ్యంగా స్త్రీలు. ఒక్కరికీ వృత్తి లేదు!"

రాజు కళ్ళెర్రజేశాడు. "సగం రాజ్యం తేరగా తింటోందా? చాటింపు వేయండి! ఇకమీదట ఒక చేతికి ఒక నోరు. తలుపు మీద చెయ్యి లేని నోటికి ఇక్కడ మెతుకు లేదు. వాళ్ళంతా ఆవలి గట్టుకు పోవాలి. భర్త లేని ఆడవాళ్ళు మొదటి పడవలో, తక్కినవాళ్ళు తర్వాత. అమావాస్య దాటగానే మొదటి పడవ కదలాలి."

ఆవలి గట్టంటే ఏమిటో తెలుసునా? ఏటికి అవతల అంతులేని రొంపి. అక్కడి మంచు ఇక్కడి మంచులాంటిది కాదు, తెల్లగా ఉండదు, బూడిదలా ఉంటుంది. అటు వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. ఎప్పుడైనా గాలి ఇటు తిరిగితే పిలుపులు మాత్రం వినిపించేవి. ఎవరిని పిలుస్తున్నాయో తెలియదు గాని, విన్న ప్రతివాడికీ తన పేరే వినిపించేదట.

ఆ కొలువులో జోగన్న అని ఒక విదూషకుడు ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగానికి తలుపు మీద ఎర్రచెయ్యి కూడా పడింది. కానీ అదే తలుపు వెనక ఉండే అక్కకు పడలేదు. ఆ అక్క ఎవరో కాదు, మన వెంగమ్మే. తల్లీ తండ్రీ పోయాక చంటివాడైన జోగన్నను చంకనేసుకుని ఊరందరి వడ్లూ దంచి పెంచింది.

ఆ సాయంత్రం జోగన్న ఇంటికొచ్చేసరికి వెంగమ్మ మూట కడుతోంది.

"ఒరే జోగీ, ఆవలి గట్టున పొయ్యిరాళ్ళు దొరుకుతాయంటావా? లేకపోతే ఇక్కణ్ణించే మోసుకుపోతా."

"అక్కా, ఆ గణకుడి మనిషి అడిగినప్పుడు వడ్లు దంచుతానని చెప్పొచ్చు కదే!"

"అదీ ఒక పనేనట్రా చెప్పుకోడానికి?" అని వెంగమ్మ నవ్వింది. నవ్వుతూనే చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. "నీకు అట్ల పిండి రుబ్బి పెట్టా. అమావాస్య దాకా సరిపోతుంది. ఆ తర్వాత నువ్వే చూసుకో."

జోగన్న ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి కొలువుకెళ్ళి ఒక మూల బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"ఏమయ్యా జోగన్నా, ఇవాళ నవ్వించవా?" అన్నాడు రాజు.

"భయంగా ఉంది మహాప్రభో."

"మా కొలువులో భయమా? దేనికి?"

"మన లెక్క చూశాక."

విరూపాక్షుడు ఎగిరిపడ్డాడు. "లెక్కలో తప్పుందంటావా? ప్రభూ, వీడి అక్క పేరు మొదటి పడవలో ఉంది, అందుకే ఈ వేషాలు!"

రాజు మీసం మెలేశాడు. "లెక్క తప్పన్నావో, అక్కతో పాటు నువ్వూ పడవెక్కుతావు. ఆలోచించుకుని మాట్లాడు."

"తప్పని ఎవరన్నారు ప్రభూ? అక్షరాలా నిజం. నిజం కాబట్టే భయం." జోగన్న గొంతు తగ్గించి రెండడుగులు ముందుకొచ్చాడు. "ఇవాళ పొద్దున ఏలినవారు అట్లు ఆరగించారు. పిండి రుబ్బిందెవరు?"

"వంటవాడు" అన్నాడు రాజు.

"వంటవాడు అట్టు వేస్తాడు. రుబ్బేది అతను కాడు. గణకులవారూ, మీరు చెప్పండి. రాజ్యంలో పిండి రుబ్బే వృత్తి ఎందరిది?"

విరూపాక్షుడు నిటారుగా నిలబడి అన్నాడు. "ఆ వృత్తిలో ఎవరూ లేరు."

"వడ్లు దంచేవాళ్ళు?"

"ఎవరూ లేరు."

"నూలు వడికేవాళ్ళు? పాలు పితికేవాళ్ళు? ఏటినుంచి కోటకు నీళ్ళు తెచ్చేవాళ్ళు?"

"ఎవరూ లేరంటే లేరు!"

"విన్నారా ప్రభూ" అన్నాడు జోగన్న గుసగుసగా. "ఎవరూ లేరు. కానీ పిండి రుబ్బబడుతోంది. బియ్యం తెల్లగా వస్తోంది. కుండలు తెల్లారేసరికి నిండుతున్నాయి. మనుషులు చేయని పని ఇన్నాళ్ళుగా ఎవరు చేస్తున్నట్టు?"

రాజుగారి మీసం కుడివైపుది మెల్లగా వాలింది. కాసేపటికి ఎడమది కూడా.

"ఇవాళ తిన్న అట్టు..." అని రాజు పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

"మెత్తగా ఉందా ప్రభూ?"

"చాలా మెత్తగా ఉంది."

"అదే నా భయం."

మర్నాడు తూర్పు పాలిపోయిన వేళ జోగన్న రాజుగారిని పల్లకీ ఎక్కించి వీధుల్లోకి తీసుకెళ్ళాడు. విరూపాక్షుడూ వెంట నడిచాడు. ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, పల్లకీ ముందు పట్టినవాడు వెనక పట్టినవాణ్ణి చూడలేక, ఉన్నావా అని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు.

కోటకింద వీధి. కనిపించేది ఏమీ లేదు. వినిపిస్తోంది మాత్రం. దబ్. దబ్. దబ్. ఒక చోట కాదు. ఇటు దబ్, అటు దబ్. భూమి గుండె కొట్టుకుంటున్నట్టు.

"అడగండి ప్రభూ" అన్నాడు జోగన్న.

రాజు తాయెత్తులన్నీ గుప్పిట పట్టుకున్నాడు. "ఎ... ఎవరక్కడ?"

చప్పుడు ఆగింది. మంచులోంచి ఒక గొంతు పలికింది. నెమ్మదిగా, అలసటగా. "ఎవరూ లేరయ్యా. ఊరికే ఉన్నా."

మళ్ళీ దబ్. దబ్.

పల్లకీ వణికింది. నేతవీధికి వెళ్ళారు. అక్కడ తెల్లటి చీకట్లో ఏదో తిరుగుతున్న మోత, తుమ్మెద లేని తుమ్మెద రొదలాగా.

"ఏం చేస్తున్నావు నువ్వు?" అని అరిచాడు రాజు.

"నేనా?" అని నవ్వింది మంచు. "నేనేం చేస్తానయ్యా. ఏమీ లేదు."

ఏటి గట్టుకు వెళ్ళారు. తడి బట్ట రాతి మీద పడ్డ చప్పుడు, కుండ నీళ్ళలో మునిగిన చప్పుడు, కాలిగజ్జెల చప్పుడు. రాజుగారు అడగకముందే ఆ చప్పుళ్ళ మధ్యనుంచి ఒకటి కాదు, పది గొంతులు. "ఎవరో అనుకున్నాం. మేమేనయ్యా. ఎవరూ లేరు."

పల్లకీ మోసేవాళ్ళు పల్లకీ వదిలేసి పారిపోయారు. రాజుగారు పల్లకీనే చంకలో పెట్టుకుని పరిగెత్తారని కొందరంటారు. నేనైతే నమ్ముతాను.

జోగన్న ఆ ఆడవాళ్ళకు ముందే ఏమైనా నేర్పాడా అని మీకు అనుమానం రావచ్చు. ఒక్క ముక్క నేర్పలేదు. వాళ్ళు ఏ రోజు ఏమంటారో ఆ రోజూ అదే అన్నారు.

కోటకొచ్చాక విరూపాక్షుడు రొప్పుతూ అన్నాడు. "గాలి ప్రభూ. వట్టి గాలి."

"గాలి వడ్లు దంచుతుందా పండితులవారూ?" అన్నాడు జోగన్న. "అయితే దాని తలుపేదో వెతికి ఎర్రచెయ్యి అద్దించాల్సింది."

ఇక నేర్పిన ముక్క మాత్రం ఆ సాయంత్రం నేర్పాడు. వెంగమ్మ దగ్గర కూర్చుని చెప్పాడు. "అక్కా, రేపు పని ముగించాక చెయ్యి కడుక్కోకముందు, ఏ పని చేశారో ఆ వస్తువు మీద అరచెయ్యి ఒక్కసారి అద్దండి. అంతే. ఈ మాట ఊరంతా పాకించు."

వెంగమ్మకు మాట పాకించడం చేతకాదా? పొద్దుగూకేలోపు మంచుకోన పొలిమేర దాటి పక్క రాజ్యం ఆడవాళ్ళకు కూడా తెలిసిపోయింది.

మర్నాడు రాజుగారు లేచి తలపాగా చేతిలోకి తీసుకున్నారు. దాని మీద గంజి చెయ్యి! అయిదు వేళ్ళూ స్పష్టంగా. కెవ్వుమని వదిలేశారు. నీళ్ళ బిందె మీద తడిచెయ్యి. పాలగిన్నె మీద నురగచెయ్యి. దుప్పటి మీద నీలిమందు చెయ్యి. పిండిబుట్ట మూత మీద తెల్లటి చెయ్యి. గోడకు అలికిన మట్టిలో చేతులు, నేల మీద ముగ్గులో చేతులు, ఆఖరికి సింహాసనం మీద వేసిన దిండుకు దూదిచెయ్యి. కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల కూడా చేతులే కనిపించాయి. రాజ్యమంతా అదే తంతు. తలుపుల బయట కొద్ది ఎర్రచేతులు, తలుపుల లోపల లెక్కలేనన్ని రంగురంగుల చేతులు.

"ఎవరివిరా ఇవి!" అని రాజు మంచం కిందనుంచి అరిచాడు.

"ఎవరివీ కావు ప్రభూ" అన్నాడు జోగన్న మంచం కిందికి వంగి. "ఆ వృత్తుల్లో మనుషులే లేరు కదా."

"వెళ్ళగొట్టు! మాంత్రికుణ్ణి పిలువు!"

"ఇవి మాంత్రికుడికి లొంగే రకం కాదు. వీళ్ళను లెక్కలోంచి తీసేసింది ఏలినవారి నోటి మాట. పొమ్మనాల్సింది కూడా ఏలినవారి నోటితోనే. కానీ ఒకసారి పొమ్మన్నాక మళ్ళీ రమ్మనడం కష్టం. ఆలోచించుకోండి."

"ఆలోచనా గీలోచనా లేదు!"

రాజు బురుజెక్కాడు. డప్పు మోగింది. ఆయన మంచులోకి కేక పెట్టాడు. "ఎర్రచెయ్యి లేని ప్రతివారూ వినండి! ఈ క్షణంనుంచి మీరు ఏ పనీ ముట్టకూడదు! చేతులు కట్టుకోండి! ఇది రాజాజ్ఞ!"

రాజాజ్ఞ! కాదనేవాళ్ళెవరు?

ఒక్కొక్క చప్పుడే ఆగిపోయింది. ముందు ఏటి గట్టున. తర్వాత నేతవీధిలో. కోటకింద వీధిలో రోకళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. ఆఖరున ఒకే ఒక్క రోకలి మిగిలింది. దబ్. దబ్. అదీ ఆగింది.

అప్పుడు తెలిసింది మంచుకోనకు, నిశ్శబ్దం అంటే ఏమిటో. అంతకుముందు నిశ్శబ్దం అనుకున్నదంతా ఎవరో చేస్తున్న పని చప్పుడేనని.

పొద్దెక్కింది. పొయ్యిల్లో పొగ లేదు. ఇళ్ళలో అలికిడి లేదు. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని, మంచులో మంచులా కలిసి, ఎటో వెళ్ళిపోయారు. ఆవులు పొదుగులు బిగిసి అంబా అంబా అని అరిచాయి. నేతగాడు మగ్గం ముందు కూర్చున్నాడు, నూలు లేదు. కుమ్మరి చక్రం ముందు కూర్చున్నాడు, మట్టి తొక్కి ముద్ద చేసి పెట్టిన మనిషి లేదు. జాలరి వల విప్పాడు, చిరుగులు బాగుచేసే చెయ్యి లేదు. వ్యవహారాలు చూసే ఆసామి అరుగు మీద కూర్చుని నోరు తెరిచాడు, ఆకులకు ఈనెలు తీసి చుట్టిచ్చేవాళ్ళు లేరు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎర్రచేతుల వాళ్ళందరికీ వృత్తి ఉంది, పని మాత్రం లేదు. పట్టపగలు వీధి మధ్యన నిలబడి తమ చేతులకేసి చూసుకుంటున్నారు, ఆ చేతులు తమవేనా అన్నట్టు.

కాకులవాడు మాత్రం కాకుల్ని తోలుతూనే ఉన్నాడట. కానీ గొడుగు పట్టేవాడు నీరసించి పడిపోయాడు.

కోటలో రాజుగారికి అట్టు లేదు, అన్నం లేదు. ఆకలి కడుపుతో, నీరసంతో, మధ్యాహ్నం వేళ ఉయ్యాల మంచం మీద వాలాడు. ఎంత పెద్ద కోట! ఎంత చప్పుడు లేని కోట! తన ఊపిరి తనకే పరాయివాడి ఊపిరిలా వినిపించింది. తాయెత్తులు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

కిర్రు.

ఉయ్యాల కదిలింది.

కిర్రు, కిర్రు. మెల్లగా, అలవాటైన ఊపు. తెర వెనక్కి వెళ్ళిన తాడు సాగుతోంది, సడలుతోంది. రాజుకు భయం వేయాలి కదా? వేయలేదు. అంత కమ్మటి నిద్ర ఆయనకు పసితనం తర్వాత పట్టలేదు. 'పాపం, ఒక్క దయ్యమైనా నా మీద జాలిపడి ఉండిపోయింది' అనుకుంటూనే నిద్రలోకి జారిపోయాడు.

లేచేసరికి ఆకలి కడుపులో డప్పు కొడుతోంది. పరుగున వచ్చాడు. "జోగన్నా! వాళ్ళను వెనక్కి పిలువు! దయ్యాలైతే దయ్యాలే! దయ్యాలతోనే ఏలుకుంటాను!"

"అయితే నాతో రండి ప్రభూ."

విరూపాక్షుడు కూడా కాళ్ళీడుస్తూ వెంట వచ్చాడు. సిరా నూరిపెట్టే భార్య లేదు, ఉతికిన పంచె లేదు, కడుపులో మెతుకు లేదు. దారిలో లెక్కపెట్టడానికి ఆయనకు ఒక్కటీ తోచలేదు.

ఏటి గట్టున, పడవల పక్కన, మంచులో తెల్లటి ఆకారాలు. వరసలు వరసలుగా కూర్చుని ఉన్నాయి. కదలిక లేదు. చేతులు కట్టుకుని ఉన్నాయి. రాజు పిండిబుట్ట మూత ఒకటి డాలులా గుండెకు అడ్డం పెట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ దగ్గరికెళ్ళాడు. ఆ మూత మీద పొద్దుటి తెల్లచెయ్యి ఇంకా ఉంది.

ముందు వరసలోని ఆకారం లేచి చెయ్యి చాపింది. రాజు కెవ్వుమనబోయాడు.

ఆ చెయ్యి వచ్చి మూత మీది ముద్రలో కూర్చుంది. వేలికి వేలు, గీతకు గీత, అరచేతి మధ్యన కాలిన మచ్చకు మచ్చ. అచ్చు పోసినట్టు సరిపోయింది.

"మీ అట్లపిండి నేనే రుబ్బుతాను ప్రభూ" అంది వెంగమ్మ. "నిన్నటిది కాస్త పులిసిందా?"

రాజు భయంభయంగా ఆ చెయ్యి తాకాడు. గరుగ్గా ఉంది. వెచ్చగా ఉంది. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు.

"మనిషి!" అన్నాడు. "మనిషి చెయ్యి!"

"మరి మేకదా?" అంది వెంగమ్మ.

రాజుకు నవ్వొచ్చింది. ముందు మీసాలు నవ్వాయి, తర్వాత పొట్ట, తర్వాత తాయెత్తులు గలగలలాడాయి. ఆ నవ్వుకు ఏటి మీది మంచు బారెడు వెనక్కి జరిగింది. "నా లెక్క చూసి నేనే జడుసుకున్నానా! విరూపాక్షా, నువ్వు సగం రాజ్యాన్ని దయ్యాలను చేశావు. నేను సంతకం పెట్టాను!" అని తొడ చరుచుకున్నాడు. పడవలన్నీ గట్టుకు కట్టేయించాడు. ఆ ముద్రలు వేసిన చేతులన్నిటికీ ఎర్రచెయ్యి, ఎర్రచెయ్యి ఉన్నా లేకపోయినా ప్రతి నోటికీ మెతుకు అని అక్కడే నిలబడి చాటింపు వేయించాడు. గణకుడు తలుపు తలుపుకీ మళ్ళీ తిరగాలి. ఈసారి నోటి జవాబు రాసుకోకూడదు, కుదురుగా కూర్చుని చేతులు చూడాలి.

తన మెడలోని ముత్యాల దండ తీసి జోగన్న మెడలో వేశాడు. "ఇంకేం కావాలో అడుగు."

జోగన్న నోరు తెరిచేలోపు వెంగమ్మ అందుకుంది. "వీడి ఎర్రచెయ్యి చెరిపేయండి ప్రభూ. పొద్దస్తమానం జనాన్ని బెదిరించడం తప్ప వీడు చేసే పనేమిటి?"

గట్టంతా గొల్లుమంది. రాజు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "ఆగండాగండి. ఇంకొకరికి కూడా బహుమానం ఉంది. మా ఆజ్ఞ కాదని ఉండిపోయి, ఇవాళ మధ్యాహ్నం మా ఉయ్యాల ఊపిన మనిషి ఎవరు? ముందుకు రండి. బంగారు కడియం ఇస్తాం."

ఎవరూ రాలేదు.

"రోజూ తాడు లాగేదెవరు?"

వెనక వరసలోంచి నీలి అనే పడుచు లేచింది. "నేనే ప్రభూ. కానీ డప్పు మోగినప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. కావాలంటే వీళ్ళనడగండి."

రాజు జోగన్నకేసి చూశాడు. జోగన్న ముఖం మొదటిసారి నిజంగా పాలిపోయింది.

"ప్రభూ, ఇది నా పని కాదు."

అందరూ కోటకు వచ్చారు. రాజు తెర తీశాడు. అక్కడ ఎవరూ లేరు. తాడు కట్టిన కొయ్యస్తంభం మీద మాత్రం ఆముదం చెయ్యి ఒకటి. ఇంకా తడిగా ఉంది. నాలుగు వేళ్ళే. చిటికెన వేలు లేదు.

రాజు నేల మీద కూలబడ్డాడు.

"ముత్తవ్వ" అన్నాడు.

ఆయన్ను పెంచిన దాది. పాలిచ్చి, ఆముదంతో ఒళ్ళు రాసి, ఉయ్యాలూపిన మనిషి. చిన్నప్పుడు ఆయన ఆటలో ఈ గొలుసుకే చెయ్యి ఇరికించుకుంటే, తన చెయ్యి అడ్డుపెట్టి వేలు పోగొట్టుకున్న మనిషి. చనిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ పేరు ఏ లెక్కలోనూ పడలేదు. మేమే పెరిగాం అని చెప్పుకునే రాజు దగ్గర పడే దారి ఏది?

ఆ సాయంత్రం రాజు స్వయంగా జేగురు కలిపాడు. ఆవిడ చెయ్యి ఇక దొరకదు కాబట్టి తన చెయ్యే ముంచి, చిటికెన వేలు ముడిచి, తన పడకగది తలుపు మీద నాలుగు వేళ్ళ ఎర్రచెయ్యి అద్దాడు. బంగారు కడియం తెర వెనక స్తంభానికి తొడిగించాడు. ఆనాటినుంచి ఆయన తాయెత్తులు కట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక ఉయ్యాల మంచం మీద వాలి, నీలిని ఇంటికి పంపేశాడు. జోగన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

కిర్రు. కిర్రు.

రాజు కళ్ళు తెరవకుండానే నెమ్మదిగా అడిగాడు. "ఎవరక్కడ?"

తెర కాస్త ఊగింది. కడియం స్తంభానికి తగిలి చిన్నగా మోగింది. "ఎవరూ లేరు నాయనా. ఊరికే ఉన్నా."

రాజు నవ్వాడు. జోగన్న జీవితంలో తాను తెప్పించలేని నవ్వు అదొక్కటేనట.